ఎక్కువైన సున్నా

దొంగతనం సోమవారం మధ్యాహ్నం జరిగింది. పోయింది నగలు కావు, నగదు కాదు. ఒక కథకి ముగింపు.

‘ఉప్పుమడి’ చివరి భాగం. గురువారం రావాలి. సోమవారం పన్నెండూ నలభైకే ఒక దొంగ సైట్‌లో ప్రత్యక్షమైంది. ఒంటిగంటకల్లా సగం దేశం చదివేసింది. మొగుణ్ణి చంపి ఉప్పుమడిలో పూడ్చిన హంతకుడెవడో తేల్చుకోవాలని ఒక విధవ మూడేళ్ళుగా తిరుగుతున్న కథ అది. జనం కూడా ఆమె వెంటే తిరిగారు, వారం వారం, ఫోను మీద వేలుతో బొమ్మలు కిందికి లాగుకుంటూ. ఇంకేముంది, సస్పెన్స్ కాస్తా గంగలో కలిసింది.

రెండింటికి కంప్లయింట్ వచ్చింది. మూడింటికి సైబర్ విభాగం ఇన్‌స్పెక్టర్ యోమ్ సుక్‌రాన్ బుచన్‌లోని ఆ బొమ్మల కథల స్టూడియో తలుపు తోసింది. వెనకే కానిస్టేబుల్ కూ.

చిన్న గది. మూడు బల్లలు. చెప్పుల స్టాండు పక్కన ఖాళీ రామ్యన్ నూడుల్స్ డబ్బాల గుట్ట.

“ఆ పిల్లని తీసుకుపోండి ముందు! తర్వాత మాట్లాడదాం!”

అరిచినవాడు కంప్లయింట్ ఇచ్చిన మేంగ్ జున్‌సొప్. ‘ఉప్పుమడి’ మీద పేరున్న ఆర్టిస్టు. నలభై నాలుగేళ్ళు, ఖరీదైన కళ్ళద్దాలు. అతని వేలు కిటికీ పక్క బల్ల వైపు చూపిస్తోంది. అక్కడ ఇరవై ఏడేళ్ళ అమ్మాయి నిలబడి ఉంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. పేరు నామ్ హేజు. బొమ్మలకి రంగులు వేస్తుంది.

మూడో బల్ల దగ్గర తాక్ గిహూన్. వెనక కొండలూ ఇళ్ళూ గీసేవాడు. భారీ మనిషి, కానీ గోడలో కలిసిపోదామని చూస్తున్నాడు పాపం.

“ఆర్టిస్టు గారూ, ఎవర్ని తీసుకుపోవాలో నేను చూసుకుంటాను. మీరు కూర్చోండి” అంది యోమ్.

“మీకు తెలీదండీ. ఆర్నెల్ల కిందట నా మీద ఫిర్యాదు పెట్టింది. కథ తనదట! మాటలు తనవట! నేను ఉత్తుత్తి దిష్టిబొమ్మనట! శుక్రవారం విచారణ. ఈలోగా నా కొంప కూల్చింది. పగ కాకపోతే ఏమిటిది?”

“నేను చెయ్యలేదు” అంది హేజు.

“నువ్వు కాకపోతే నీ ల్యాప్‌టాప్‌కి కాళ్ళొచ్చాయా?”

మాటలో నిజం ఉంది. ఫైలు ఎటునుంచి వచ్చిందో సైట్ వాళ్ళ దగ్గరే తేలిపోయింది. ఈ స్టూడియో ఇంటర్నెట్ లైను. ఆ సమయంలో ఆ లైను మీద ఉన్నది ఒకే ఒక్క యంత్రం. హేజు ల్యాప్‌టాప్.

కూ యోమ్ చెవిలో గొణిగాడు. “మేడమ్, కేసు అయిపోయినట్టే. సాయంత్రం భోజనానికి ఇంటికెళ్ళొచ్చు.”

“నీకు ఆకలెక్కువ, ఓపిక తక్కువ. నోరు మూసుకుని చూడు.”

యోమ్ గది మధ్యలో ఉన్న పెద్ద కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది. పూర్తయిన భాగాలన్నీ అందులోనే ఉంటాయి. ముగ్గురూ వంతులవారీగా దాని మీదే పని చేస్తారు.

“దీనికి ఇంటర్నెట్ లేదా?”

“ఛస్తే ఇవ్వను. ప్రతి గురువారం పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి నేనే స్వయంగా తీసుకెళ్ళి కథ వేసే కంపెనీకి ఇస్తాను. అలా పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రానికి కూడా తాళం బిళ్ళ బిగించాను. తాళంచెవి నా మెళ్ళో ఉంది” అని చొక్కాలోంచి తీసి చూపించాడు మేంగ్.

యోమ్ ఆ తాళం బిళ్ళని గోటితో లాగి చూసింది. కదల్లేదు.

“మరయితే ఫైలు ఇందులోంచి ఆ ల్యాప్‌టాప్‌లోకి ఎలా దూకింది?”

యోమ్ ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

“మధ్యాహ్నం ఎవరెక్కడున్నారు?”

“పదకొండూ యాభైకి అందరికంటే ముందు నేనే కిందికి వెళ్ళాను. ఎదురుగా సూప్ కొట్టుకి. అప్పటికి ఈ పిల్ల ఇంకా బల్ల దగ్గరే ఉంది” అన్నాడు మేంగ్.

“నేను అన్న వెనకే దిగాను” అన్నాడు తాక్. తర్వాత తల గోక్కున్నాడు. “కానీ కొట్టులో నేనే ముందు కూర్చున్నట్టున్నాను. సూప్ వచ్చి చల్లారింది కూడా. అప్పుడొచ్చావు కదన్నా?”

“వెనక సందులో సిగరెట్ కాల్చుకున్నాను. అదీ నేరమేనా?”

“నువ్వమ్మా?” యోమ్ హేజు వైపు తిరిగింది.

“మిద్దె మీదికి వెళ్ళానండీ. రైస్ బాల్ తిన్నాను. ఒక్కదాన్నే.”

“సాక్ష్యం?”

“పావురాలు.”

మేంగ్ పకపకా నవ్వాడు. యోమ్ నవ్వలేదు. ఆమెకి ఆ నవ్వు వినగానే ఒళ్ళు మండింది.

ఎందుకు మండిందో చెప్పాలి. ఇరవై ఏళ్ళ కిందట యోమ్ ఒక పెద్ద మోసగాళ్ళ ముఠాని పట్టుకుంది. నెలల తరబడి నిద్ర లేకుండా. పేపర్లో మాత్రం పై ఆఫీసరు ఫొటో పడింది, పేరు పడింది, పతకం కూడా అతనికే. ఆ ఫొటోలో ఓ మూల కాఫీ కప్పు అందిస్తున్న మోచెయ్యి ఒకటి కనిపిస్తుంది. అది యోమ్‌ది. అప్పుడు పెద్దాయన ఇలాగే పకపకా నవ్వాడు. ఆ కడుపుమంట ఇవాళ్టికీ చల్లారలేదు. చల్లారాలని ఆమె కోరుకోవడం కూడా లేదు.

కానీ కడుపుమంటతో కేసు నిలబడదు. ఆ పిల్లే చేసి ఉంటే ఆ పిల్లకే బేడీలు వెయ్యాలి. ఆ సంగతి యోమ్‌కి తెలుసు.

ఆమె హేజుని వంటగది మూలకి తీసుకెళ్ళింది.

“నిజం చెప్పు. నీకు అతని మీద పగ ఉందా?”

“ఉంది.” తడుముకోలేదు. “నూట యాభై భాగాలు రాశానండీ. ఆ విధవ నేను పుట్టించిన మనిషి. నా పేరు ఒక్కచోటా లేదు. ఏమన్నా అంటే ‘రంగులు వేసే పిల్లకి కథలెందుకు’ అంటాడు. పగ లేకపోతే నేను మనిషినా?”

“మరి చెయ్యలేదంటున్నావు.”

“నా కథ ముగింపుని నేనే దొంగలకి పారేస్తానా? దానికోసం మూడేళ్ళు ఆగాను. ఇప్పుడు నేను దొంగనని తేలితే శుక్రవారం నా మాట ఎవరు వింటారు? ఆ కథ ఎప్పటికీ అతనిదైపోతుంది.”

“ల్యాప్‌టాప్‌కి తాళం వేశావా, పైకి వెళ్ళేటప్పుడు?”

“లేదండీ. పాటలు పెట్టుకున్నాను. మోగుతుండగానే వదిలేసి వెళ్ళాను.”

“పాటలు ఎప్పుడు పెట్టావు?”

“వాళ్ళిద్దరూ కిందికి పోయాక. ఆయనుంటే పెట్టనివ్వడు. ఒక్క పాటకే చిందులు తొక్కుతాడు. అందుకే తిరిగి రాగానే వాళ్ళకంటే ముందు ఆపేశాను.”

యోమ్ తలూపింది. ఆ ముక్క మనసులో పెట్టుకుంది.

ల్యాప్‌టాప్, పెద్ద కంప్యూటర్, రెండూ స్టేషన్‌కి చేరాయి.

మంగళవారం పొద్దున్నే కూ పరిగెత్తుకొచ్చాడు. కళ్ళు ఇంతలేసి చేసుకుని.

“మేడమ్! ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు లేదు. ఎప్పుడూ లేదట. చెరిపేసిన జాడ కూడా లేదు!”

“మరి?”

“ల్యాప్‌టాప్ తన ఇంటర్నెట్‌ని ఇంకో కంప్యూటర్‌కి పంచిపెట్టింది. హాట్‌స్పాట్! సెట్టింగుల్లో ఒక్క బొత్తాం నొక్కితే చాలు. పెద్ద కంప్యూటర్‌కి వై-ఫై ఉంది కదా, దాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించారు. ఫైలు పెద్దదాంట్లోంచే నేరుగా పోయింది. ల్యాప్‌టాప్ ఉత్త గొట్టం. నీళ్ళు దాని గుండా పోయాయంతే.”

“పన్నెండింటికి?”

“పన్నెండూ ఐదుకి తగిలించారు. ఫైలు పెద్దది, ఎక్కడానికి అరగంట పట్టింది. మనిషి అక్కడ ఉండక్కర్లేదు. నొక్కేసి పోయి సూప్ తాగొచ్చు, రైస్ బాల్ తినొచ్చు.”

యోమ్ నిటారుగా కూర్చుంది. తాళం బిళ్ళలూ తాళంచెవులూ అన్నీ పెట్టుకున్న మహానుభావుడు గాల్లోంచి వచ్చే దాన్ని మరిచిపోయాడా? లేక బాగా గుర్తుందా?

“ఇంకా ఉంది మేడమ్. హాట్‌స్పాట్‌కి మామూలుగా మిషనే ఏదో పిచ్చి పాస్‌వర్డ్ ఇస్తుంది. దాన్ని మార్చారు. సోమవారం పన్నెండూ మూడుకి. ఇదిగో.”

కాగితం మీద ఇంగ్లీషు అక్షరాలు. ఎ, యు, సి, డి, ఎల్, ఎఫ్, ఎ, కె, ఎస్, సి, కె, ఎ, డబ్ల్యు, కె.

అర్థం లేని చెత్త. కానీ అదేమిటో కూ‌కీ తెలుసు, యోమ్‌కీ తెలుసు. పాస్‌వర్డ్‌లో కొరియన్ అక్షరాలు ఒప్పుకోదు. అందుకని అందరూ చేసేది ఒకటే. మిషన్ ఇంగ్లీషులో ఉండగా కొరియన్ మాట కొట్టేస్తారు. ఒక్కో మీట మీద రెండు భాషల అక్షరాలూ ఉంటాయి కదా. వేళ్ళు మాతృభాషలో పోతాయి, తెర మీద ఇంగ్లీషు గిలుకుతుంది.

“చదివావా?”

“చదివాను. ‘మ్యొచిల్ మన్ ఛంజా.’ కొన్నాళ్ళు ఓర్చుకుందాం!” కూ చంకలు గుద్దుకున్నాడు. “శుక్రవారం విచారణ. కొన్నాళ్ళు ఓర్చుకుంటే వాడి పని అయిపోతుందని! ఆ అమ్మాయి శపథం మేడమ్ ఇది. పాపం అనిపిస్తోంది కానీ, అడ్డంగా దొరికిపోయింది.”

ఆ పిల్ల యోమ్ కళ్ళలోకి చూసే పగ ఉందంది. ఇదిగో పగ, అచ్చంగా కాగితం మీద.

ఆమె కాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత తన మీటల పలకని ముందుకి లాక్కుంది. కొరియన్‌లో పెట్టి అదే మాట కొట్టింది. మామూలుగా, తను ఎప్పుడూ రాసేట్టే. తర్వాత ఇంగ్లీషులో పెట్టి మళ్ళీ కొట్టింది.

తెర మీది అక్షరాలు లెక్కపెట్టింది. కాగితం మీదివి లెక్కపెట్టింది.

ఒకటి తేడా.

“కూ! నువ్వు బళ్ళో డిక్టేషన్‌లో ఎన్ని మార్కులు తెచ్చుకున్నావురా?”

“అదేంటి మేడమ్, ఇప్పుడా సంగతి...”

“ఏడిశావులే. పద. రేపు పొద్దున అందరినీ స్టూడియోకి రమ్మను. ఆ పెద్ద కంప్యూటర్ కూడా.”

బుధవారం పది గంటలు. మూడు బల్లలు, ముగ్గురు మనుషులు. పెద్ద కంప్యూటర్ మళ్ళీ తన చోట్లో. తెర గోడ వైపు ఉంది. కొట్టేవాళ్ళకి, యోమ్‌కి తప్ప ఎవరికీ కనపడదు.

మేంగ్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. అప్పటికే కూ నోటి నుంచి పాస్‌వర్డ్ సంగతి విన్నాడు.

“కొన్నాళ్ళు ఓర్చుకుందామట! చూశారా ఇన్‌స్పెక్టర్ గారూ? పామును పెంచాను నేను. చేతులారా పాలు పోశాను.”

హేజు పెదవి కొరుక్కుంది, అంతే.

“చిన్న పని ఉంది. నేనొక మాట చెబుతాను. ఒక్కొక్కరూ వచ్చి కొట్టాలి” అంది యోమ్.

“బళ్ళో డిక్టేషన్‌లాగానా?” తాక్ బెదురుగా నవ్వాడు.

“అదే. ముందు నువ్వే రా నాయనా.”

యోమ్ పైకి చెప్పింది. “కొన్నాళ్ళు ఆగు, నేనే వస్తాను.” ‘ఉప్పుమడి’లో విధవ పదే పదే అనే మాట. చదివినవాళ్ళందరికీ నోటికొచ్చిన మాట.

తాక్ కొట్టాడు. వెళ్ళి కూర్చున్నాడు. హేజు కొట్టింది. ఆమె వేళ్ళు చకచకా పోయాయి. చివరికి మేంగ్.

“ఏమిటీ చిన్నపిల్లల ఆటలు?” అని విసుక్కుంటూనే కొట్టాడు.

యోమ్ తెరని తిప్పింది. మూడు వరుసలు.

“చూడండి. తాక్, హేజు ఒకేలా రాశారు. ఆర్టిస్టు గారు మాత్రం మొదటి మాట వేరేలా రాశారు.”

మేంగ్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. “ఏముంది వేరే?”

“ఒక సున్నా.”

యోమ్ తెర మీద వేలు పెట్టింది.

“మ్యొచిల్. కొన్నాళ్ళు. చెవికి రెండు రాతలూ ఒకటే. తేడా రాతలోనే ఉంది. ఇది ఒకే మాట, కలిపి రాయాలి. చాలామంది ‘ఎన్ని’ వేరు, ‘రోజు’ వేరు అనుకుని విడగొడతారు. విడగొడితే రెండో సగం ముందు సున్నాలా ఉండే, పలకని అక్షరం ఒకటి పెట్టాలి. ఇంగ్లీషులో ఆ సున్నా మీట మీద ఉన్నది ‘డి’. సరిగ్గా రాసేవాళ్ళకి ఆ ‘డి’ రాదు. పాస్‌వర్డ్‌లో ‘డి’ ఉంది.”

తాక్ మెడ చాచి తెర వైపు చూశాడు.

మేంగ్ నవ్వాడు. కాస్త ఆలస్యంగా. “బాగుందండీ. సగం దేశం ఆ తప్పు చేస్తుంది. మీ కానిస్టేబుల్ కూడా చేస్తాడు. దీనికి నన్ను ఉరి తీస్తారా?”

“చేస్తాను సార్” అని ఒప్పుకున్నాడు కూ, నేల చూపులు చూస్తూ.

“నిజమే. సగం దేశం చేస్తుంది. కానీ ఈ గదిలో ఒక్కరే చేశారు.” యోమ్ కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. “సరే, అది వదిలేద్దాం. ఒక్క సందేహం తీర్చండి. ‘ఉప్పుమడి’లో మాటలన్నీ మీరే రాస్తారు కదా?”

“ప్రతి అక్షరం.”

“ఇంకెవరూ ముట్టుకోరు?”

“ముట్టుకోనివ్వను.”

“నిన్న రాత్రంతా నేను నూట యాభై భాగాలూ చదివాను. ఆ మాట ప్రతి భాగంలోనూ ఉంది. ఒక్కచోట కూడా ఆ సున్నా లేదు.”

మేంగ్ కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఇప్పుడు చెప్పండి. మూడేళ్ళూ ఒక్కసారి కూడా తప్పు రాయని మనిషి ఇవాళ ఎందుకు రాశాడు? లేదా ఆ మాటలు రాసింది ఇంకొకరా? ఇంకొకరైతే ఎవరు? పేరు చెప్పండి.”

“అది... దిద్దుబాటు... అక్షరాలు దిద్దడం వేరు...”

“ఎవరు దిద్దారు?”

“ఎవరో ఒకరు!”

“ఈ గదిలో ముగ్గురే కదా ఉన్నది. తాక్, నువ్వు దిద్దావా?”

“నేను కొండలే గీస్తానండీ.” తాక్ లేచి నిలబడ్డాడు. “అన్నా, చాలు. ఆ మాటలన్నీ హేజువే. మొదటి భాగం నుంచీ. నాకు తెలుసు. చెప్పకుండా జీతం తిన్నాను ఇన్నాళ్ళూ. సిగ్గేస్తోంది.”

“నోర్ముయ్!” మేంగ్ బల్ల మీద గుద్దాడు. మొహం కందగడ్డయింది. “నా పేరు లేకపోతే ఎవడు చదివేవాడు ఆ చెత్త? నా పేరు! పదిహేనేళ్ళు కష్టపడి సంపాదించిన పేరు! ఇది ఎవరు? రంగులు పులిమే పిల్ల. దీనికి బాధ్యత ఉందా? ల్యాప్‌టాప్ తెరిచి పడేసి, పాటలు మోగుతుంటే వదిలేసి మిద్దె మీద షికార్లు కొడుతుంది. అలాంటిదానికి కథ కావాలా? విచారణ కావాలా?”

యోమ్ అతని వైపు వంగింది.

“ఏ పాటలు?”

“ఏ పాటలైతే ఏం? గోల పాటలు!”

“మీరు ముందు కిందికి దిగిపోయారు. హేజు పాటలు పెట్టింది ఆ తర్వాత. మీరు తిరిగొచ్చేసరికి ఆపేసింది. ఆ మధ్యలో ఈ గదిలోకి వచ్చినవాడికి తప్ప పాటల సంగతి ఎవడికీ తెలీదు.” ఆమె లేచింది. “సందులో సిగరెట్ అన్నావే. మెట్ల మీద నక్కి, ఆ పిల్ల పైకి పోగానే దూరావు. దాని ల్యాప్‌టాప్‌లో హాట్‌స్పాట్ నొక్కావు. ఆ పొడుగాటి పిచ్చి పాస్‌వర్డ్ రెండోచోట కొట్టడానికి బద్ధకం. సులువైంది పెట్టుకున్నావు. మనసులో ఏముందో అదే వేళ్ళలోంచి వచ్చింది. కొన్నాళ్ళు ఓర్చుకుందాం. శుక్రవారానికల్లా ఈ పిల్ల జైల్లో ఉంటుందని.”

మీరు కాస్తా నువ్వు అయిపోయింది. ఎవరూ అది గమనించలేదు, మేంగ్ తప్ప.

“నా కథని నేను పారేసుకుంటే నేరమేంటి?” అన్నాడు. గొంతులో పస లేదు.

“తప్పుడు కంప్లయింట్ నేరం. ఇంకొకరి యంత్రంలో చెయ్యి పెట్టడం నేరం. గురువారం దాకా బయటపెట్టనని సంతకం చేసి బయటపెట్టడం నేరం. ఇంకా కావాలా?”

అతను కుప్పకూలాడు. యోమ్ ముందు కాదు. గబగబా హేజు దగ్గరికి పాకాడు. మోకాళ్ళ మీద. రెండు చేతులూ జోడించి.

“హేజు గారూ! రాజీ పడదాం. ఒక్క సంతకం. బాధితురాలు రాజీపడితే జడ్జి కనికరిస్తాడు. పేరు వేయిస్తాను. నీ పేరు కూడా, నా పక్కనే, మొదటి భాగం నుంచీ. ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఒక తల్లి కొడుకునమ్మా, జైలుకి పంపకు.”

హేజు అతన్ని చూసింది. మొహంలో రక్తం మెల్లగా తిరిగొచ్చింది.

“పక్కనా?” అంది.

“ముందు! నీ పేరే ముందు!”

“సోమవారం నన్ను చూసి నవ్వారు కదా, పావురాలు సాక్ష్యం అంటే. ఆ రాత్రి మా అమ్మ ఫోన్ చేసింది. వార్తల్లో దొంగ అంటున్నది నిన్నేనా అని అడిగింది. మా అమ్మ.” ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. “రాజీ లేదు. సంతకం చెయ్యను. మీ చెప్పుల కింద మూడేళ్ళున్నాను. మీరు జైల్లో ఎన్నాళ్ళుంటారో లెక్కపెట్టుకుంటాను. నా పేరు నేను శుక్రవారం అడిగి తీసుకుంటాను. మీ దయ నాకక్కర్లేదు.”

తాక్ ఫోన్ మోగింది. తీశాడు. విన్నాడు. హేజు వైపు తిరిగాడు.

“కంపెనీ వాళ్ళు. గురువారానికి ముగింపు కావాలంటున్నారు. లీకైంది జనం చదివేశారు కదా, వేరేది ఏదైనా ఉందా అని...”

“ఉందని చెప్పు” అంది హేజు.

ఆమె పెద్ద కంప్యూటర్ ముందు కూర్చుంది. చివరి భాగం తెరిచింది. హంతకుడి మొహం ఉన్న బొమ్మ దగ్గర ఆగింది. ఆ మొహాన్ని ఒక్క గీతతో చెరిపేసింది. తెల్లటి ఖాళీ మిగిలింది.

కలం చేతిలోకి తీసుకుని వెనక్కి తిరిగింది. మేంగ్ ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. కళ్ళద్దాలు జారి, ముక్కు ఎర్రబడి, నోరు సగం తెరిచి.

“కదలకండి” అంది హేజు. “కొంచెం తలెత్తండి. వెలుగు మొహం మీద పడాలి.”

కూ బేడీలు తీసి ముందుకి అడుగేశాడు. యోమ్ అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

“తొందరేం లేదు. గియ్యనీ” అంది.